మోతీ తుంటికి మూలకణాల సూది: డబ్బు పెట్టి చూసినవాడి సమీక్ష

హైదరాబాదులోని ఒక ప్రైవేటు పశువైద్యశాలలో మా కుక్కకు చేయించిన మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్స గురించి ఇది రాస్తున్నాను. వైద్యశాల పేరు ఇక్కడ అవసరం లేదనిపించింది, ఎందుకంటే నేను ఎత్తిచూపే లోపాలు ఆ ఒక్క గుమ్మానికే పరిమితమైనవి కావని ఈ ఏడాది కాలంలో నలుగురైదుగురితో మాట్లాడాక అర్థమైంది. మొత్తం ఖర్చు రూ. 46,000, హనుమకొండ నుంచి రెండుసార్లు కారులో వెళ్లి వచ్చిన ఖర్చు వేరు. అయిదు నక్షత్రాలకు మూడు ఇస్తాను. చేతిపనికి నాలుగు, మాటకు రెండు, సగటున మూడు.

మోతీ ఎనిమిదేళ్ల లాబ్రడార్. మా వాటా మొదటి అంతస్తులో ఉంటుంది, పద్నాలుగు మెట్లు. నిరుడు వానాకాలం నాటికి అది మెట్లెక్కేటప్పుడు ఒక కాలు తరువాత ఒకటి వేయడం మానేసి, వెనుక కాళ్లు రెండూ దగ్గరికి తెచ్చి కుందేలులా గెంతడం మొదలుపెట్టింది. వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దుటి నడకలో సగం దూరానికే కూర్చుండిపోయి నా ముఖం వంక చూసేది. హనుమకొండలో మేము ఎప్పుడూ చూపించే పశువైద్యుడు ఎక్స్‌రే తీయించి, తుంటి దగ్గర గిన్నెలా ఉండవలసిన ఎముక లోతు తక్కువగా ఉండడం వల్ల తొడ ఎముక తల అందులో కుదురుగా ఇమడలేదనీ, ఏళ్ల రాపిడికి ఎముకల చివర మెత్తలా ఉండే మృదులాస్థి అరిగి కీళ్లవాతం ముదిరిందనీ, రెండు తుంట్లలోనూ ఈ దోషం ఉన్నా కుడివైపు ఎక్కువనీ చెప్పారు. బరువు తగ్గించమన్నారు, నొప్పి, వాపు తగ్గించే మెలాక్సికామ్ రాశారు. రెండు నెలల తరువాత చేయించిన రక్తపరీక్షలో, మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్ పెరగడంతో ఆ మందును ఎక్కువ కాలం వాడడం మూత్రపిండాలకు మంచిది కాదని ఆయనే ఆపేయించారు. మూలకణాల మాట అప్పుడు వచ్చింది. ఆయన దాన్ని పొగడలేదు, తిట్టలేదు. "ప్రయత్నించవచ్చు, కానీ ఎముక మారుతుందని ఆశపడకండి సార్" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయన తీసుకున్నది రూ. 300, తరువాత నేను కట్టిన వేలల్లో ఏదీ అంత విలువ చేయలేదు.

హైదరాబాదు వైద్యశాల చేతికిచ్చిన రంగుల కరపత్రంలో మాత్రం "అరిగిన కీలు స్థానంలో కొత్త కీలు" అని ఉంది. ఈ వాక్యం మీదే నాకు ప్రధానమైన అభ్యంతరం.

మూలకణం అంటే తనలాంటి కణాలను పుట్టించుకోగలిగి, అవసరమైన చోట మరో రకం కణంగా కూడా మారగలిగేది. కుక్కలకు, గుర్రాలకు వైద్యంలో వాడేవి దాదాపు ఎప్పుడూ మెసెంకైమల్ మూలకణాలే. వీటిని ఎముక మజ్జ నుంచి, కొవ్వు నుంచి, బొడ్డుతాడు నుంచి తీస్తారు. మజ్జలో ఇవి చాలా అరుదు, కొవ్వులో అంతకంటే ఎంతో ఎక్కువగా దొరుకుతాయి కాబట్టి కుక్కల విషయంలో కొవ్వు వైపే మొగ్గు. ప్రయోగశాలలో తగిన ద్రవాలు పోసి పెంచితే ఈ కణాలు ఎముకగా, మృదులాస్థిగా, కొవ్వుగా మారగలవు. ఈ గుణాన్ని, గాజు లేక ప్లాస్టిక్ పాత్ర అడుగుకు అంటుకొని పెరిగే గుణాన్ని, కణం పైపొర మీద ఉండే కొన్ని గుర్తులను కలిపి 2006లో అంతర్జాతీయ నిపుణుల సంఘం ఒకటి వీటికి కనీస ప్రమాణాలు నిర్దేశించింది. కరపత్రం రాసినవారు ఇక్కడే ఒక గంతు వేశారు. పాత్రలో మృదులాస్థిగా మారగలిగిన కణం, కుక్క తుంటిలోకి ఎక్కించగానే అక్కడా మృదులాస్థిగా మారి అరిగిన చోటును పూడుస్తుందని అనుకోవడం తర్కానికి నచ్చేదే కానీ, జరిగేది అది కాదు. ఎక్కించిన కణాల్లో అధిక భాగం కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల లోపే చనిపోతాయి. బతికి ఉన్నంత కాలం అవి వదిలే రసాయన సంకేతాలు చుట్టూ ఉన్న రోగనిరోధక కణాలను శాంతింపజేసి వాపును తగ్గిస్తాయి, నొప్పి దానితో పాటు తగ్గుతుంది. అంటే ఇవి ఇల్లు కట్టే మేస్త్రీలు కావు, కొట్లాటను సద్దుమణిపే పెద్దమనుషులు. 1991లో వీటికి మెసెంకైమల్ మూలకణాలు అనే పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లన్ గారే, 2017లో ఆ పేరు జనాన్ని తప్పుదారి పట్టిస్తోందని, "ఔషధ సంకేత కణాలు" అని మార్చాలని రాశారు. పేరు పెట్టినాయనే వెనక్కి తీసుకోమన్న అర్థాన్ని మన కరపత్రాలు ఇంకా అమ్ముతున్నాయి.

చికిత్స సంగతికి వస్తాను. మొదటిసారి వెళ్లిన రోజున మోతీకి మత్తు ఇచ్చి, పొట్ట దగ్గర చిన్న కోత పెట్టి కొవ్వు తీశారు. నిమ్మకాయంత ముద్ద. అందులోని కణాలను వేరుచేసి అదే రోజు ఎక్కించే పద్ధతి ఒకటి ఉంది, అందులో మూలకణాలతో పాటు కొవ్వులోని ఇతర కణాలు కూడా కలిసే ఉంటాయి. రెండో పద్ధతిలో ప్రయోగశాలలో రెండు మూడు వారాలు పెంచి, లక్షల్లోంచి కోట్లకు తెచ్చి, అప్పుడు ఎక్కిస్తారు. మాకు రెండోది చేశారు. పందొమ్మిది రోజులకు పిలుపు వచ్చింది. ఆ మధ్యకాలంలో కుట్లు ఊడదీయించే పని హనుమకొండలోనే అయిపోయింది, అది వాళ్లే సూచించారు. అంత దూరం నుంచి వచ్చేవారి ఇబ్బంది గమనించినందుకు ఒక మెప్పు.

రెండోసారి వెళ్లిన రోజున నేను చూసినది కొంచెం వివరంగా చెప్పాలి. కణాలు వచ్చిన పాత్రను చూడగానే నవ్వు వచ్చింది. మన ఊళ్లలో గోపాలమిత్ర మోటారు సైకిలుకు కట్టుకొని తిరిగే నత్రజని క్యాను లేదూ, ఎదకు వచ్చిన బర్రెకు వీర్యపు స్ట్రా వేయడానికి మూత తీయగానే తెల్లటి పొగ చిమ్ముతుంది, అచ్చం అదే. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో వీర్యం ఎలా ఏళ్ల తరబడి నిలుస్తుందో కణాలూ అలాగే నిలుస్తాయి. బయటికి తీశాక గోరువెచ్చటి, అంటే 37 డిగ్రీల నీటిలో త్వరగా కరిగించాలన్న నియమం కూడా రెండింటికీ దాదాపు ఒకటే. ఆలస్యం చేసినా, నీటి వేడి తప్పినా నష్టం లోపలి కణాలకే, పైకి మాత్రం సీసా మామూలుగానే కనిపిస్తుంది. అక్కడి యువ వైద్యురాలు కరిగించిన ద్రవంలోంచి ఒక చుక్క తీసి, దానిలో ట్రిపాన్ బ్లూ అనే నీలిరంగు కలిపి, గళ్లు గీసిన గాజు పలక మీద వేసి, సూక్ష్మదర్శినిలో నన్ను కూడా చూడనిచ్చారు. బతికున్న కణం పొర రంగును లోపలికి రానివ్వదు కాబట్టి మంచుబిందువులా మెరుస్తుంది. చచ్చిన కణం పొర చిల్లులు పడి రంగు పీల్చుకొని ముదురు నీలంగా మారుతుంది. ఆమె వేలితో మీట నొక్కుతూ వంద లెక్కపెట్టారు. పదహారు నీలం, ఎనభై నాలుగు మెరుపు. ఈ పని చేయకుండా సీసాలోంచి నేరుగా సిరంజిలోకి లాగేసే చోట్లు ఉన్నాయట, అక్కడ మీరు డబ్బు కట్టేది బతికున్న కణాలకో చచ్చిన కణాలకో చెప్పగలిగేవాళ్లు ఎవరూ ఉండరు. నేను ఇచ్చిన నాలుగు నక్షత్రాల్లో రెండు ఆమె వేలికీ ఆ మీటకూ చెందుతాయి.

తరువాత మోతీకి మత్తు ఇచ్చి, తుంటి చుట్టూ వెంట్రుకలు గీసి, శుభ్రం చేసి, సూది దించారు. కీలులో ఉండే జిగురు ద్రవం సిరంజిలోకి వచ్చాకే సూది సరైన చోట పడిందని నిర్ధారించుకొని కణాలు ఎక్కించారు. రెండు తుంట్లకూ కలిపి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ రాత్రి జనగామ దాటేదాకా అది వెనుక సీట్లో కదలకుండా పడుకుంది, మడికొండ దగ్గర లేచి కిటికీలోంచి తల బయటపెట్టింది. మొదటి రెండు రోజులు నొప్పి కాస్త పెరగవచ్చని ముందే చెప్పారు, అలాగే పెరిగి తగ్గింది. చీము, జ్వరం వంటివి ఏమీ రాలేదు.

కాగితాల విషయంలో మాత్రం ఆ వైద్యశాలకు మార్కులు వేయలేను. నా చేతికి వచ్చిన బిల్లులో "స్టెమ్ సెల్ థెరపీ, 1" అని ఒక వరుస, దాని ఎదురుగా ఒక మొత్తం, అంతే ఉంది. ఒక్కో కీలుకు ఎన్ని కణాలు ఎక్కించారు, కరిగించాక ఎన్ని బతికున్నాయి, ప్రయోగశాలలో ఎన్ని తరాలు పెంచారు, బాక్టీరియా పరీక్ష చేశారా, ఇవేవీ లేవు. అడిగితే "కోటి కణాలండీ" అని నోటిమాటగా చెప్పారు. నేను మూడుసార్లు ఫోను చేస్తే మూడు వారాలకు అర పేజీ కాగితం వచ్చింది, దానిలోనూ బాక్టీరియా పరీక్ష గడి ఖాళీగానే ఉంది. మందుల దుకాణంలో పది రూపాయల బిళ్ల కొన్నా అట్ట మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి కదా.

ఈ వైద్యానికి ఆధారాలు లేవని నేను అనడం లేదు. గుర్రాల్లో ఇది ఇరవై ఏళ్లకు పైబడిన సంగతి. పందెపు గుర్రాల ముందుకాలిలో కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు చినిగితే అతుక్కుంటుంది కానీ, అతుకు గట్టిపడి సాగే గుణం కోల్పోతుంది, మళ్లీ పరుగెత్తించగానే పక్కనే చినుగుతుంది. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీలో రోజర్ స్మిత్ బృందం గుర్రం సొంత ఎముక మజ్జ నుంచి పెంచిన కణాలను చినిగిన స్నాయువులోకే ఎక్కించిన విషయం 2003లో ప్రకటించింది. 2012లో వచ్చిన అధ్యయనంలో ఇలా చికిత్స పొంది తరువాత గమనింపులో ఉన్న 113 పందెపు గుర్రాలలో 27.4 శాతానికి మాత్రమే గాయం తిరగబెట్టిందని తేలింది. ఇతర చికిత్సలు పొందిన గుర్రాల గురించి అంతకుముందు అచ్చయిన లెక్కలతో పోలిస్తే ఇది బాగా తక్కువ. అయితే అదే అధ్యయనంలో చికిత్స ఇవ్వని గుర్రాల జట్టును పక్కనే పెట్టి పోల్చలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. యూరప్‌లో మూలకణాలతో తయారైన పశువుల మందుకు మొదటి అనుమతి 2019లో గుర్రాల కీళ్ల కోసం ఆర్టీ-సెల్ ఫోర్టే అనే మందుకు వచ్చింది. 2022లో కుక్కల కీళ్లవాతానికి డాగ్‌స్టెమ్ అనే మందును అనుమతించారు. పేరులో కుక్క ఉన్నా, దానిలోని కణాలు గుర్రపు బొడ్డుతాడు నుంచి తీసినవి. గుర్రం కణం కుక్క కీలులో కొత్త మృదులాస్థిగా స్థిరపడుతుందని ఎవరూ అనరు కదా. వాపును తగ్గించి జీవం చాలించుకోవడమే దాని పని అనడానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ నాకు దొరకలేదు. పిల్లుల్లో చిగుళ్లు, నోరు పుండ్లు పడి పళ్లు పీకించినా తగ్గని మొండి జబ్బుకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు కొవ్వు మూలకణాలను రక్తంలోకి ఎక్కించి మంచి ఫలితాలే చూపించారు. అదీ రోగనిరోధక వ్యవస్థ కట్టుతప్పిన జబ్బే.

మరొక హెచ్చరిక. నేను మొదట ఫోను చేసిన మరో చోట ఇదే చికిత్సను రూ. 9,000కే చేస్తామన్నారు, అదీ ఒక్క పూటలో. గుచ్చి గుచ్చి అడిగితే అది మూలకణం కాదు, పీఆర్‌పీ అని బయటపడింది. కుక్క రక్తాన్నే తీసి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరుచేసి కీలులోకి ఎక్కించడం అది. మంచిదే కావచ్చు, చవకైనదే, దానికంటూ ఉపయోగాలు ఉన్నాయి. కానీ ఆ ద్రవంలో పెంచిన మూలకణాలు ఉండవు. పేరు మార్చి అమ్మడాన్ని మాత్రం సమర్థించలేం. కొవ్వు గానీ మజ్జ గానీ తీయకుండా, ఎక్కడి నుంచీ నత్రజని క్యాను రాకుండా, కేవలం రక్తం తీసి గంటలో ముగిస్తున్నారంటే మీరు కొంటున్నది మూలకణాలు కావని అనుకోండి.

ఇక ఫలితం. "కుక్క హుషారుగా ఉంది" అనే మాటను నేను నమ్మను, నా నోటి నుంచి వచ్చినా సరే. వేలు ఖర్చుపెట్టిన యజమానికి కుంటుతున్న కుక్క కూడా పరుగెత్తుతున్నట్టే కనిపిస్తుంది, కుక్కల కీళ్లవాతం అధ్యయనాల్లో యజమానుల ఈ భ్రమను పరిశోధకులు లెక్కగట్టి మరీ చూపించారు. అందుకని మనుషులు బరువు చూసుకునే యంత్రాలు రెండు పక్కపక్కన పెట్టి, ఒక్కో వెనుక కాలు ఒక్కో దాని మీద ఉండేలా మోతీని నిలబెట్టి, మా ఆవిడ ముందు నుంచి బిస్కెట్ చూపిస్తూ ఉంటే నేను అంకెలు రాసుకున్నాను. ప్రతిసారీ పది కొలతలు, సగటు. చికిత్సకు ముందు కుడికాలు మీద 5.4 కిలోలు, ఎడమ మీద 8.6, అంటే వెనుక భాగపు బరువులో కుడికాలు మోస్తున్నది వందకు 39 పాళ్లు. మూడు నెలలకు కుడి 6.1, ఎడమ 7.1, 46 పాళ్లు. ఆరు నెలలకు కుడి 5.8, ఎడమ 7.3, 44 పాళ్లు. మెట్లు ఇప్పుడు ఒక్కో కాలు వేస్తూనే ఎక్కుతోంది, పన్నెండో మెట్టు దగ్గర మాత్రం ఒకసారి ఆగుతుంది. చెరువు కట్ట మీద పూర్తి నడక వారంలో అయిదు రోజులు సాగుతోంది. ఆరో నెల ఎక్స్‌రేను పాతదాని పక్కన పెట్టి దీపం ముందు చూపించినప్పుడు మా హనుమకొండ డాక్టరు గారు ఏమీ అనలేదు, అనవలసిన పనీ లేదు. గిన్నె అదే, అంచుల్లో పెరిగిన ఎముక ముళ్లూ అవే.

ఈ అంకెలు చూసి చికిత్స పనిచేసిందని నిర్ధారించడానికి నాకు ఒక పెద్ద అడ్డంకి ఉంది, దాన్ని తెచ్చిపెట్టుకున్నది నేనే. కొవ్వు తీసిన వారం నుంచే దాని తిండి కూడా తగ్గించాము. పెరుగన్నం, మిగిలిన చపాతీలు, మా మనవడు దొంగచాటుగా పెట్టే సకినాలు అన్నీ బంద్. 36 కిలోల కుక్క మూడు నెలల్లో 33కు దిగింది. కుక్కల్లో బరువు తగ్గితే కీళ్ల కుంటు తగ్గుతుందన్నది మూలకణాల కంటే గట్టిగా రుజువైన విషయం. మూడో నెల నుంచి ఆరో నెలకు బరువు పెరగకపోయినా కుడికాలు వాటా 46 నుంచి 44కు జారింది కాబట్టి, తగ్గుతున్న ఆ కొంత భాగం కణాల వల్ల వచ్చిన మేలే అయి ఉంటుందని నా అంచనా. అంచనాయే. తిండి సంగతి మొదట చూసి, మూడు నెలలు ఆగి, అప్పుడు సూది వేయించి ఉంటే ఏది దేని వల్లో స్పష్టంగా తెలిసేది. ఆ వైద్యశాల వాళ్లు ఈ వరుస నాకు చెప్పి ఉండవలసింది, చెబితే ఒక గిరాకీ వాయిదా పడేది.

నర్సంపేట వైపు నుంచి మా ఇంటికి పాలు పోసే ఆయన ఈ కథంతా విని, "సారూ, మా బర్రెకు పొదుగు వాపొచ్చి ఒక రొమ్ము గట్టిపడ్డది, దానికి గూడ ఈ సూది పనిజేస్తదా?" అని అడిగాడు. పొదుగు వాపులో దెబ్బతిన్న కణజాలం మీద మూలకణాల ప్రయోగాలు జరుగుతున్న మాట నిజమే. అయితే అవి పరిశోధన దశలోనే ఉన్నాయి, పైగా పాలిచ్చే బర్రె ధరలో సగం దాకా ఈ సూదికే పోతుంది. మన దేశంలో బర్రెకూ మూలకణానికీ కుదిరిన చుట్టరికం వైద్యం వైపు నుంచి కాక పుట్టుక వైపు నుంచి వచ్చింది: కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 2010లో పుట్టిన గరిమ-2 అనే క్లోన్ దూడకు మూలం ఒక పిండ మూలకణం. ఆయనకు ఇదంతా చెప్పకుండా, ముందు పాలు పరీక్ష చేయించి సర్కారు పశువుల దవాఖానలో చూపించమన్నాను. వరంగల్ దగ్గరి మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. కణాలను లెక్కపెట్టే గాజు పలక, నత్రజని క్యాను, రెండు బరువు యంత్రాలతో ఈ చికిత్సను పక్కపక్కన రెండు జట్ల కుక్కల్లో పోల్చి చూసే పని అటువంటి చోట జరిగితే బాగుండునని మాత్రం నాకు ఒక ఆశ.

తీసుకునే వారికి నా సలహా సూటిగా చెబుతాను. నొప్పి మందులు పడని కుక్క అయి, బరువు ముందే తగ్గించి ఉండి, కొన్ని నెలల ఉపశమనానికి ఆ డబ్బు పెట్టగలిగితే చేయించండి. కొత్త కీలు వస్తుందని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. క్యాన్సరు ఉన్న కుక్కకు గానీ, కీలులో చీము ఉన్న కుక్కకు గానీ దీని జోలికి పోకూడదు. మోతీకి రక్తపరీక్ష చేశారు కానీ క్యాన్సరు గడ్డల గురించి ఎవరూ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు.

మోతీ కణాలు ఇంకొక సీసా ఆ ప్రయోగశాల నత్రజనిలో ఉంది. దాచి ఉంచడానికి ఏడాదికి రూ. 3,000 కట్టాలని పోయిన నెల సందేశం పంపారు. ఆ సీసాను రేపు కరిగిస్తే ఎన్ని కణాలు బతికి ఉంటాయో, బాక్టీరియా పరీక్ష ఫలితం ఏమిటో రాతపూర్వకంగా తెలియజేస్తే కడతానని జవాబు ఇచ్చాను. ఇరవై రెండు రోజులైంది. నిన్న మళ్లీ సందేశం వచ్చింది, అందులో చెల్లింపు లింకు ఒక్కటే ఉంది.